సైటు టాయిలెట్ల కిరాయి రాసేటప్పుడు బండి లెక్క ముందు రాయండి

ఒడిశాలో మన సరిహద్దుకి ఆనుకుని ఉన్న రాయగడ, గుణుపూర్, కొరాపుట్ వైపు ఈ కొన్నేళ్లుగా ఎక్కడ చూసినా పనులే. విజయనగరం–టిట్లాగఢ్ మూడో రైలు లైను, కొరాపుట్–సింగపూర్ రోడ్ డబ్లింగు, రాయ్‌పూర్–విశాఖపట్నం ఆరు లేన్ల రోడ్డు. అవి కాక ఊళ్లలో అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు. కొన్ని సైట్ల మీద కిరాయికి తెచ్చిన నీలం రంగు టాయిలెట్ క్యాబిన్లు కూడా కనిపిస్తున్నాయి. పెట్టినందుకు సంతోషమే. కానీ వాటిని పెట్టే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతోంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

నేను కాంట్రాక్టర్ల దగ్గర స్టోరు, బిల్లులు చూసే మనిషిని. క్యాబిన్లకి వర్క్ ఆర్డర్ రాసేటప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే ప్రశ్న: "ఎన్ని బాక్సులు? నెలకెంత?" అది నిండితే ఎవరొస్తారు, ఎన్ని రోజులకోసారి వస్తారు, తీసుకెళ్లి ఎక్కడ పోస్తారు, లోపలికి నీళ్లు ఎవరు మోస్తారు అని అడిగే నాథుడు లేడు. బాక్సు రేటు తగ్గించుకుని బేరం గెలిచామనుకుంటారు. ఖాళీ చేసే బండి లేని క్యాబిన్ వారం తిరక్కుండానే తాళం వేసుకునే డబ్బా అవుతుంది.

లెక్క వేసి చూడండి. ఇంటర్నెట్‌లో వెతికితే పదిమందికి ఒక యూనిట్, వారానికోసారి సర్వీసు అని వస్తుంది. అది అమెరికా లెక్క. వారానికి 40 గంటలు పనిచేసి, కాగితం వాడి, సాయంత్రానికి ఇళ్లకెళ్లిపోయేవాళ్ల కోసం వేసింది. మనవాళ్లు నీళ్లు వాడతారు. కడుక్కోవడానికి ఒక మగ్గు, పోయడానికి ఇంకో రెండు మగ్గులు, ఎంత పొదుపుగా వాడినా మనిషికి మూడు నాలుగు లీటర్లు. 25 మంది వాడితే రోజుకి దగ్గర దగ్గర వంద లీటర్లు. కింద ట్యాంకు 200 లీటర్లది అనుకుంటే రెండో రోజు సాయంత్రానికే అంచుకొస్తుంది. మరి వారానికోసారి బండి వస్తుందని ఒప్పందం రాసుకుంటే మిగతా రోజులు ఎవరెక్కడికి పోవాలి? పైగా మన సైట్లలో సగంమంది అక్కడే రేకుల షెడ్లలో పడుకుంటారు. వాళ్లకి ఆదివారం కూడా ఆదివారం కాదు.

25 మందికి ఒకటి అన్న మాట నేను పుట్టించింది కాదు. 1971 నాటి కాంట్రాక్టు లేబర్ కేంద్ర నిబంధనల్లోనే రాశారు. ఆడవాళ్లకి ప్రతి 25 మందికి ఒకటి, మగవాళ్లకీ అంతే, ఆడవాళ్లయినా మగవాళ్లయినా వంద దాటితే ఆ పైన 50 మందికి ఒకటి. సైటులో మనిషి ఉన్నంతసేపూ అందుబాటులో మరుగుదొడ్డి ఉండాలని 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఆ చట్టంతో పాటు వచ్చిన సెస్సు కింద పని విలువలో ఒక శాతం ప్రతి బిల్లులోనూ కోసుకుంటూనే ఉన్నారు కదా. కోత గుర్తుంటుంది గానీ దొడ్డి గుర్తుండదు.

ఆ పాత నిబంధనల్లోనే నాకు నచ్చిన మాట ఇంకొకటి ఉంది. బయట బోర్డు ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలో ఉండాలి, దాంతో పాటు ఆడమనిషి బొమ్మో మగమనిషి బొమ్మో ఉండాలి. మన సరిహద్దు సైట్లకి ఇది ఎంత అవసరమో చెప్పలేను. ఒకే గ్యాంగులో పార్వతీపురం నుంచి వచ్చిన తెలుగువాళ్లుంటారు, ఒడియావాళ్లుంటారు, కువి మాట్లాడే కొందులుంటారు, గుణుపూర్ కొండల మీది సవరలుంటారు. వీళ్లందరి ముందు ఇంగ్లీషులో 'లేడీస్' అని స్టిక్కరు అంటించి చేతులు దులుపుకుంటున్నారు. బొమ్మ గీయించడానికి పెయింటర్‌కి ఎంతవుతుంది?

ఎండాకాలంలో ఒక కల్వర్టు పని దగ్గర చూశాను. పేరు రాయను. క్యాబిన్ గడియ ఊడిపోతే బైండింగ్ వైరుతో కట్టేశారు. వైరు విప్పి చూస్తే లోపల క్యూరింగ్‌కి వాడే గోనెపట్టాలు, రెండు వైబ్రేటర్ నీడిల్స్, ఖాళీ గ్రీజు డబ్బా. దాని ముందే ఒకామె కంకర గంప దించుకుంటోంది. "నీళ్లు తాగితేనే కదా బాబూ ఇబ్బంది, పొద్దుటేల తాగడం మానేసినాం" అంది, అదేదో మామూలు సంగతైనట్టు. మేస్త్రీని అడిగితే "ఆడోళ్లు ఆ తుప్పల్లోకెళ్లొస్తార్లెండి సార్, ఆళ్లకి అలవాటే" అన్నాడు. నలభై డిగ్రీల ఎండలో కంకర మోసే మనిషి నీళ్లు మానేయడం అలవాటా? మూత్రంలో మంట, జ్వరం, కిడ్నీల దాకా పోయే ఇన్ఫెక్షన్లు అలాగే వస్తాయి. దానికి ఆమె రోజు కూలీ పోగొట్టుకుని ఆస్పత్రికి పోవాలి.

ఇక స్లాబు రోజు. మామూలుగా ముప్పై మంది ఉండే సైటుకి కాంక్రీటు వేసే రోజున గ్యాంగు అదనంగా దిగుతుంది, పని రాత్రి దాకా సాగుతుంది. కిరాయి మాత్రం సగటు మనుషుల లెక్కన రాస్తారు. స్లాబు తేదీ ముందే తెలిసేదే కదా, ఆ రెండు రోజులకి ఇంకో క్యాబిన్ తెప్పించి, ముందురోజే ఉన్నవాటిని ఖాళీ చేయిస్తే సరిపోతుంది. లైటు కూడా పెట్టించాలి. చీకట్లో పాము భయానికి సగంమంది దాని జోలికే పోరు.

రోడ్డు, రైలు పనులైతే ఇంకో తంటా. కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు దగ్గర మూడు క్యాబిన్లు వరసగా పెట్టి ఫొటో తీసి పంపిస్తారు. కల్వర్టు గ్యాంగు అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటుంది. వాళ్లకి ఆ ఫొటో దేనికి? గ్యాంగుతో పాటు క్యాబిన్ కదలాలి. కదిపే ముందు ఖాళీ చేయించాలి. నిండు ట్యాంకుని హైడ్రా క్రేనుతో లేపితే అడుగు పగులుతుంది. పెట్టే చోటు గట్టి నేల కావాలి, బండి పైపు అందేంత దగ్గర్లో దారి ఉండాలి. ఘాట్‌లో రెండు వానలు పడ్డాయంటే నిండు ట్యాంకరు మట్టి దారిలోంచి పైకి రాదు. తాళ్లతో మేకులకి బిగించాలి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఏమైందో చూసినవాళ్లం, గాలి సంగతి మనకి ఒకరు చెప్పాలా?

"బయో టాయిలెట్ సార్, ఖాళీ చేసే పనే లేదు" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. లోపల పని చేసేది బ్యాక్టీరియా. మనవాళ్లు వాసనకి తట్టుకోలేక యాసిడ్, ఫినాయిల్ గుమ్మరిస్తారు, ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆ తర్వాత అది మామూలు ట్యాంకే. బ్యాక్టీరియా బతికున్నా బయటికొచ్చే నీళ్లు ఇంకడానికి గుంత కావాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ బండి తీసుకెళ్లి ఎక్కడ పోస్తుందన్నది. మన రెండు నదులూ, నాగావళి, వంశధార, ఇక్కడి నుంచే కిందికి పోతాయి. నాగావళి రాయగడ దాటి తోటపల్లి మీదుగా శ్రీకాకుళానికి, వంశధార గుణుపూర్ దాటి గొట్టా బ్యారేజికి. ఇక్కడ గెడ్డలో రాత్రిపూట కుమ్మరించింది అక్కడ మన అక్కచెల్లెళ్ల బిందెల్లోకి వెళుతుంది. అంత దూరం దాకా ఎందుకు, 2022 జులైలో మన రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులోనే కలరా వచ్చి మనుషులు పోయారు. 2007లోనూ రాయగడ, కొరాపుట్, కలహండిలో వచ్చింది. ఇంత అనుభవం ఉన్న జిల్లాలో ట్యాంకరు ఎటు పోయిందో అడక్కుండా బిల్లు పాస్ చేస్తారా?

ఒడిశాకి ఈ విషయంలో చేతకాదని కాదు. 2018లో ధెంకనాల్‌లో మలవ్యర్థాల శుద్ధి ప్లాంటు పెట్టారు, తర్వాత ఎన్నో పట్టణాలకి అవి వచ్చాయి. చాలాచోట్ల మహిళా సంఘాలే నడుపుతున్నాయి. ప్లాంటు ఉన్నప్పుడు బండి అక్కడికి పోవాలి, పోసినట్టు చీటీ తేవాలి. డీజిల్ చీటీ లేకపోతే బిల్లు ఆపుతాం కదా, దీనికెందుకు ఆపం? బండి దొరకలేదని రాత్రి ఎవరో పేదవాడికి బకెట్టు, క్వార్టర్ బాటిలు ఇచ్చి ఎత్తించే సైట్లూ ఉన్నాయి. మనిషి చేత మలం ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ నేరం మన సైటులో, మన జీతాల పట్టీ కింద జరుగుతోంది.

కాబట్టి అన్నలారా, కిరాయి మాట్లాడే ఇంజనీర్లూ, సూపర్‌వైజర్లూ, వచ్చే వర్క్ ఆర్డర్‌లో బాక్సు రేటు కన్నా ముందు బండి ట్రిప్పులు రాయండి. వారానికి మూడో నాలుగో, మీ మనుషుల్ని బట్టి వేసుకోండి. ట్రిప్పు తప్పితే ఆ రోజు కిరాయి కోత అని రాయండి. డ్రమ్ములో నీళ్లు నింపే మనిషికి కూలీ విడిగా రాయండి, లేకపోతే ఆ పని కూడా ఆడకూలీల నెత్తినే పడుతుంది. ఆడవాళ్ల క్యాబిన్‌కి లోపలి గడియ ఉందో లేదో మీరే వెళ్లి వేసి చూడండి. బయటి తాళంచెవి మేస్త్రీ జేబులో కాకుండా వాళ్లలోనే ఒకరి దగ్గర ఉంచండి.