మొగుణ్ణి మింగే సంవత్సరం

"సంప్రదాయాలు వదిలేశారు, అందుకే పిల్లల్ని కనడం లేదు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సంప్రదాయమే కాన్పులు ఆపించిన ఏడాది ఒకటుంది: 1966, జపాన్.

అక్కడి పాత పంచాంగంలో అరవై ఏళ్లకోసారి 'హినోఎ ఉమ', అంటే అగ్ని గుర్రం సంవత్సరం వస్తుంది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల గయ్యాళి అవుతుందని, మొగుణ్ణి మింగేస్తుందని నమ్మకం. మగపిల్లాడు పుడితే ఏ దోషమూ లేదు, అది వేరే చెప్పాలా!

1965లో అక్కడ 18 లక్షల మందికి పైగా పుట్టారు. 1966లో 13 లక్షల 60 వేలు. మరుసటి ఏడాది మళ్లీ 19 లక్షలు దాటింది. యుద్ధం లేదు, కరువు లేదు. రెండేళ్ల ముందే బుల్లెట్ రైలు నడిపిన దేశం అది.

అంతకుముందు 1906లోనూ గుర్రం వచ్చింది కానీ తగ్గుదల చాలా తక్కువ. అప్పుడు జనానికి చేతనైంది రిజిస్టర్‌లో తేదీ మార్చడమే. జనవరిలో పుట్టిన పిల్లని డిసెంబరులో పుట్టినట్టు రాయించేయడం! 1966 నాటికి గర్భనిరోధక సాధనాలున్నాయి, అబార్షన్ చట్టబద్ధం. సైన్సు వస్తే మూఢనమ్మకం పోతుందంటారే, ఇక్కడ సైన్సే దానికి చేతికర్ర అయింది.

ఆ దంపతులంతా గుర్రాన్ని నమ్మారని నేననుకోను. "మనం నమ్మం సరే, రేపు పిల్లకి సంబంధం చూస్తే అవతలివాళ్లు నమ్మితే?" ఈ ఒక్క టెన్షన్ చాలు. 1906లో పుట్టిన ఆడపిల్లలు పెళ్లిళ్లు కుదరక పడ్డ అవస్థ చూసినవాళ్లు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు మరి.

1966లో సగటున ఒక్కో స్త్రీకి 1.58 మంది పిల్లలు. 1989లో ఏ గుర్రమూ లేకుండానే అది 1.57కి పడింది, దేశం బెంబేలెత్తింది. 2024లో పుట్టినవాళ్లు 7 లక్షలు కూడా లేరు. ఇప్పుడైనా సంప్రదాయం పోయిందా? ఫ్రాన్స్‌లో సగానికి పైగా పిల్లలు పెళ్లి కాని తల్లులకే పుడుతున్నారు. జపాన్‌లో నూటికి ఇద్దరో ముగ్గురో. పెళ్లే చేసుకోని వాళ్లు పెరిగిపోతుంటే, పెళ్లయితేనే పిల్లలన్న కట్టుబాటు కాన్పుల్ని ఎలా పెంచుతుంది?

2026 మళ్లీ అగ్ని గుర్రమే. అన్నట్టు, జపాన్ యువరాణి కికో పుట్టింది 1966 సెప్టెంబరులో. 1990లో రాజకుమారుణ్ణి పెళ్లాడింది. మగవాళ్లకే సింహాసనం దక్కే ఆ వంశంలో నలభై ఏళ్లకు పైగా మగపిల్లాడే పుట్టకపోతే, 2006లో మగపిల్లాణ్ణి కన్నదీ ఆవిడే. మొగుడు నిక్షేపంగా ఉన్నాడు.