పుదీనా స్ప్రేతో సాలీళ్లు పోవు. అందులో బ్లీచింగ్ మాత్రం కలపకండి

వారం రోజులుగా విజయవాడలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే సందేశం. మా అపార్టుమెంటు గ్రూపులో పై అంతస్తు పిన్నిగారు పెట్టారు. గుంటూరు నుంచి మా మేనత్త పంపింది. నేను జీవశాస్త్రం చెప్పే బడిలో తోటి టీచర్లు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ‘ఈ ఒక్క స్ప్రే చాలు, సాలీడు మీ గడప తొక్కదు’ అని మొదలవుతుంది. పుదీనా నూనె, వెనిగర్, నీళ్లు కలిపి గోడల మూలల్లో కొట్టమంటుంది. కిటికీల్లో నిమ్మతొక్కలు, సజ్జల మీద కర్పూరం, కలరా ఉండలు పెట్టమంటుంది. గడప దగ్గర మిరపకారం నీళ్లు చల్లమంటుంది. సాలీడు ఒంటి మీద పాకితే నీటిపొక్కులు లేస్తాయని భయపెడుతుంది. అన్నీ ప్రకృతి సిద్ధమైనవే కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లోనూ వాడుకోవచ్చని భరోసా ఇస్తుంది. అట్టడుగున ఇంకో సలహా: బూజు మరీ ఎక్కువగా ఉంటే స్ప్రేలో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలపాలట.

ముందు ఆ అట్టడుగు మాట సంగతే చెప్పాలి, మిగతావన్నీ తర్వాత. వెనిగర్ ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బూజు ఎక్కువగా పట్టేది ఎక్కడ? స్నానాలగదిలో, సామాన్ల గదిలో, గాలి ఆడని చోట. అలాంటి గదిలో తలుపు దగ్గరగా వేసి, ముఖం పైకెత్తి, ఈ మిశ్రమాన్ని కొడితే ముందు కళ్లు మండుతాయి, తర్వాత దగ్గు, ఛాతీ పట్టేసినట్లు ఉండటం, ఊపిరి అందకపోవడం. వెంటనే బయటికి వచ్చినా కొందరికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి పరిస్థితి ముదురుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తర్వాత సింగ్‌నగర్ వైపు ఇళ్లలో బురద కడిగిన వాళ్లకు బ్లీచింగ్ పౌడర్ కొత్త కాదు. మన ఇళ్లలో చాలావరకు ఆ డబ్బా ఉంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా ఆ పక్కనే ఉంటుంది. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గాని, నిమ్మరసంతో గాని, ఆ యాసిడ్‌తో గాని కలపకూడదు. ఈ సందేశాన్ని ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి వాళ్లకు ఫోను చేసి ఈ ఒక్క విషయం చెప్పండి.

ఇక పుదీనా. ‘సాలీడుకు ముక్కు చాలా సున్నితం, పుదీనా ఘాటుకు పారిపోతుంది’ అంటుంది సందేశం. సాలీడుకు ముక్కు లేదు. దాని కాళ్ల మీద, నోటి పక్కన కాళ్లలాగే కనిపించే రెండు చిన్న అవయవాల మీద ఉండే సన్నని వెంట్రుకలే దానికి నాలుక, ముక్కు. నడిచే చోటును కాళ్లతోనే రుచి చూస్తుంది. ఒక జాతి మగ సాలీళ్లు ఆడదాని వాసనను కాళ్ల మీది వెంట్రుకలతోనే పసిగడతాయని 2025లో శాస్త్రవేత్తలు చూపించారు. అంటే వాటికి వాసన తెలియదని నేను అనడం లేదు. పుదీనా నూనెను అవి తప్పించుకుంటాయన్న మాటలో కొంత నిజం కూడా ఉంది. 2018లో జర్నల్ ఆఫ్ ఎకనామిక్ ఎంటమాలజీలో వచ్చిన ఒక ప్రయోగంలో మూడు జాతుల సాలీళ్లకు నూనె పూసిన చోటు, పూయని చోటు రెండూ చూపిస్తే, రెండు జాతుల్లో ఎక్కువ భాగం పెప్పర్‌మింట్ నూనె ఉన్న చోటికి వెళ్లలేదు.

అయితే ఆ ప్రయోగంలో వాడింది పెప్పర్‌మింట్ నూనె. అందులో ప్రధానమైనది మెంథాల్. మనం పచ్చడి చేసుకునే పుదీనా చాలావరకు వేరే రకం. దాని వాసన ప్రధానంగా కార్వోన్ అనే పదార్థానిది, మెంథాల్ చాలా తక్కువ. కాబట్టి పుదీనా ఆకు మరగబెట్టిన నీళ్లు ఆ నూనెకు సాటి రావు. అసలు నూనే కొన్నా అది నీళ్లలో కలవదు, సీసాలో పైకి తేలుతుంది. గోడ మీద పడిన కాస్తా విజయవాడ ఎండకు పూట తిరిగేసరికి ఆవిరైపోతుంది. పైగా ప్రయోగంలో చూసింది పక్కపక్కన ఉన్న రెండు చోట్లలో సాలీడు దేన్ని ఎంచుకుంటుందనే. ఇల్లు వదిలి వెళ్తుందా అని కాదు. ఈ మూల బాగా లేకపోతే అది పక్క మూలకు వెళ్తుంది.

నేను మా ఇంట్లోనే చూశాను. స్నానాలగది తలుపు వెనక పైమూలలో పొడుగు కాళ్ల సాలీడు ఒకటి ఉండేది, మన ఇళ్లలో బూజుకు మూలకారణమైన రకమే. దూదిని పెప్పర్‌మింట్ నూనెలో ముంచి గూటికి జానెడు దూరంలో అంటించాను. వెంటనే ఒళ్లంతా గిరగిరా ఊపేసింది. ఎంత వేగంగా అంటే శరీరం కనపడదు, గాలిలో మసకగా ఒక ముద్ద కదులుతున్నట్లు ఉంటుంది. అది భయపడి పారిపోవడం కాదు. వేలితో గూడు తాకినా, నోటితో ఊదినా అలాగే చేస్తుంది, శత్రువుకు గురి దొరక్కుండా. నిమిషంలో సర్దుకుంది. సాయంత్రానికి దూదికి దూరంగా, తలుపు చట్రం అవతలి చివర కొత్త దారాలు కట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. నోట్లో గుడ్ల ముద్ద పట్టుకుని ఉంది; ఈ రకంలో తల్లి గుడ్లను అలా నోటితోనే మోస్తుంది.

నిమ్మతొక్కల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అదే 2018 ప్రయోగంలో నిమ్మనూనెను ఏ జాతీ పట్టించుకోలేదు. తొక్కలు కిటికీలో కుళ్లితే చిన్న ఈగలు ముసురుతాయి. సాలీడుకు కావలసింది ఆ ఈగలే.

కర్పూరం, కలరా ఉండల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ‘పసిపిల్లలున్నా ఇబ్బంది లేదు’ అన్న మాట నాకు కోపం తెప్పించింది ఇక్కడే. కలరా ఉండ నాఫ్తలీన్. తారునుంచో పెట్రోలియం నుంచో తీస్తారు. ప్రకృతి సిద్ధం అనడానికి అందులో ఏమీ లేదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు దాన్ని మింగితే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. ఆ ఉండలు వేసి దాచిన బట్టల్లో చుట్టిన పసికందులకు కూడా అలా జరిగిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. ఆ లోపం తమ బిడ్డకు ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కర్పూరం బిళ్ల తెల్లగా, పటికబెల్లంలా ఉంటుంది. రెండేళ్ల పిల్లవాడు నోట్లో వేసుకుంటే నిమిషాల్లో మూర్ఛ రావచ్చు. నీలగిరి తైలం తాగినా అంతే. పుదీనా నూనె సీసా కూడా పిల్లలకు అందే చోట ఉండకూడదు. మెంథాల్ ఘాటు పసికందు ముక్కు దగ్గరికి చేరితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. సంపెంగ వాసన ప్రకృతిదే, గన్నేరు విషమూ ప్రకృతిదే. ఇది మా అమ్మమ్మ తరానికి బాగా తెలుసు.

మిరపకారం నీళ్ల సంగతి గుంటూరు మనుషులకే ఎక్కువ తెలియాలి. మిరపలో మంట పుట్టించేది కాప్సైసిన్. మన నరాల్లో దాన్ని పట్టుకునే ప్రత్యేక గ్రాహకం ఉంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకానికి కాప్సైసిన్ తగలదు, అందుకే చిలకలు పండుమిరపకాయలు హాయిగా తింటాయి. మనకు మండితే అన్నింటికీ మండుతుందని అనుకోవడమే ఇక్కడి పొరపాటు. ఎండుమిర్చి నిల్వ చేసిన వాళ్లను అడగండి: సంచి విప్పితే గోధుమరంగు చిన్న పెంకుపురుగులు కాయలకు తూట్లు పొడిచి కనిపిస్తాయి. పొగాకు నిల్వలను పాడుచేసేదీ ఆ పురుగే. ఘాటైన మిరప దానికి తిండి. ఇక సాలీడుకు దూరపు చుట్టం తెల్లనల్లి, దానికీ ఎనిమిది కాళ్లే, మిరప ఆకుల అడుగున చేరి రసం పీల్చి ఆకును కిందికి ముడిచేస్తుంది. ఆకులో కారం ఉండదు కాబట్టి దాన్ని రుజువుగా చూపడం లేదు. ఈ చుట్టరికం మా పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు.

ఇంకో విశేషం ఉంది. ట్రినిడాడ్ ప్రాంతపు ఒక పెద్ద సాలీడు విషంలో, మిరపకారం తాకే ఆ గ్రాహకాన్నే తాకే పదార్థాలున్నాయని 2006లో జూలియస్ ప్రయోగశాలే వెల్లడించింది. కారం మంటనే ఆయుధం చేసుకున్న జీవి అది. గడప దగ్గర చల్లిన కారం నీళ్లు ఆరి, పొడిగా లేచి, దోగాడే పిల్లల చేతులకు, అక్కడినుంచి కళ్లకు చేరతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ దుమ్ము మరీ కష్టం.

వెనిగర్ గురించి ఒక మాట. మాచర్ల నాపరాళ్లు, బేతంచర్ల బండలు, చలువరాయి అన్నీ సున్నపు జాతి రాళ్లే. ఆమ్లం పడితే మెరుపు పోయి తెల్లమచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలు తుడిస్తే పోవు.

ఇప్పుడు పొక్కులు. నా దృష్టిలో ఈ సందేశం చేసే రెండో పెద్ద హాని ఇదే. వానాకాలం, వరి పొలాలున్న కృష్ణా, గుంటూరు పల్లెల్లో, ఊరి అంచు అపార్టుమెంట్లలో పొద్దున్నే మెడ మీదో చేతి మీదో పొడుగ్గా చార, దానిపై నీటిపొక్కులు, మంట. ‘సాలీడు పాకింది’ అంటారు. చాలాసార్లు అది పేడెరస్ అనే పురుగు పని. బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగు, నారింజ, నలుపు పట్టీలతో చీమలా కనిపిస్తుంది. వరి చేలల్లో బతుకుతుంది, రాత్రి లైటుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు మనం అరచేత్తో నలిపితే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటుంది. ఒక రోజు గడిచాక పొక్కులు వస్తాయి. ఎటు రుద్దితే అటు చార. మోచేతి మడతలో పడితే మడతకు రెండువైపులా ఒకే అచ్చు. ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడగాలి.

ఇంకొన్నిసార్లు అది సర్పి. ఒకప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గిన వాళ్ల నరాల్లో దాగిన వైరస్, ఏళ్ల తర్వాత లేచి ఒంటికి ఒకవైపే పట్టీలా పొక్కులు వేస్తుంది. దీనికి మందు ఉంది, పొక్కులు కనిపించిన మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన నుదుటి మీద పొక్కులు వస్తే సాలీడు అనుకుని అయిదు రోజులు పసుపు, సున్నం పట్టించారు. అప్పటికి కన్ను ఎర్రబడింది. ఆ తర్వాత నెలల తరబడి ఆయనకు ఆ వైపు దువ్వెన తగిలినా నొప్పి. నుదుటి మీద, కంటి పక్కన పొక్కులు వస్తే అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సాలీళ్లకు విషం లేదని చెప్పడం లేదు. దాదాపు అన్నింటికీ ఉంటుంది, పురుగును చంపడానికి. పెద్దది చేతికింద నలిగితే కరవవచ్చు, వాచి నొప్పి పుడుతుంది. కడిగి చల్లని గుడ్డ పెట్టాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. మూలన కూర్చున్న పొడుగు కాళ్లది మాత్రం దోమలు తింటోంది. డెంగీ దోమను పట్టి తినే జీవిగా దీని బతుకుతీరును థాయ్‌లాండ్‌లో పరిశీలించి 1997లో ప్రచురించారు. మూడు కాలువలు ఊరి మధ్యనుంచి పారే విజయవాడలో ఆ పని తక్కువేమీ కాదు. శ్రీకాళహస్తి పేరులో మొదటి ‘శ్రీ’ సాలీడే అని మనం పిల్లలకు చెప్పుకుంటాం కదా.

అయినా ఇంట్లో బూజు ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ లేదు. మా వరండాలో ట్యూబులైటు రాత్రంతా వెలిగేది. దులిపిన మూడో రోజుకే దాని చుట్టూ గూళ్లు. ఒకసారి బూజుకర్రకు చుట్టుకున్న దాన్ని తెల్లకాగితం మీద దులిపి చూశాను. దోమల ఎండు డొప్పలు, రెక్కల చీమల రెక్కలు, రెండు చిన్న చిమ్మటలు. సాలీడు మా ఇంటికి రాలేదు, మా లైటుకు వచ్చిన పురుగుల కోసం వచ్చింది. పదింటికి లైటు ఆర్పడం మొదలుపెట్టాం. ట్యూబులైటు బదులు పసుపు వెలుగు బల్బు పెట్టాం. కిటికీ జాలీలో చిరుగులు కుట్టించాం, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ, స్నానాలగది తూముకు జాలీ. సజ్జ మీద పాత అట్టపెట్టెలు తీసేశాం. వారానికోసారి బూజుకర్ర, గూటితో పాటు గుడ్ల సంచులు కూడా వచ్చేలా. భోగి ముందు ఒక్కసారి దులిపి ఊరుకుంటే చాలదు, గుడ్లు మిగిలితే మళ్లీ మొదలు. ఇప్పుడు మా వరండాలో నెలకు ఒకటి రెండు గూళ్లు కనిపిస్తాయి.

అరచేయంత వెడల్పున, గోడకు అతుక్కుపోయినట్లు చదునుగా, పక్కకు పరుగెత్తే పెద్దదాన్ని చూసి చీపురు తీయకండి. అది గూడు కట్టదు, రాత్రిళ్లు బొద్దింకలను వేటాడుతుంది. కడుపు కింద తెల్లని బిళ్లలాంటిది పట్టుకుని ఉంటే అది ఆడది, ఆ బిళ్ల గుడ్ల సంచి. కొడితే సంచి చిట్లి పిల్లలు గదంతా చెదిరిపోవచ్చు. వెడల్పు మూతి గాజు సీసా మెల్లగా దాని మీద బోర్లించండి. ఇంట్లో పాత శుభలేఖలు ఎలాగూ ఉంటాయి, గట్టి అట్టది ఒకటి గోడకూ సీసాకూ మధ్య జరపండి. కిందికి దించి, మెట్ల కింద కొబ్బరిచెట్టు మొదట్లో అట్ట తీసేయండి. మొన్న రాత్రి మా పిన్నిగారి వంటింట్లోంచి అలాగే ఒకదాన్ని తీసుకెళ్లాం. అట్ట లాగిన తర్వాత కూడా అది కాసేపు సీసా అంచునే నిలబడి, ముందు కాలు ఒకటి చాచి మట్టిని తాకి చూసి, అప్పుడు దిగింది.