గుంజ పాతినోడే గొప్పోడు

మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మనిషి పరపతిని కొలిచే కొలతలు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు తరి ఎన్ని ఎకరాలని అడిగేవారు. తర్వాత బోరు ఎన్ని ఫీట్లు పోయిందని అడిగారు. ఆ తర్వాత పిల్లగాడు ఏ దేశంలో ఉన్నాడన్నారు. ఇప్పుడు అవేవీ చెల్లవు. ఒకటే ప్రశ్న: వాకిట్లో గుంజలు పాతారా, లేదా?

గుంజలంటే బర్రెను కట్టేసేవి కావు. పది పన్నెండు ఫీట్ల చెక్క స్తంభాలు. నాలుగు మూలలా నాలుగు. వాటి మధ్య నల్ల వైరు, వైరుకు మూరకొకటి చొప్పున పసుప్పచ్చగా వెలిగే బల్బులు, కింద ఎవరూ కూర్చోని రెండు కేన్ కుర్చీలు. విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర, బెంగళూరు పోయే 44వ నంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల దగ్గర దాబాలకూ ఫాంహౌస్‌లకూ మొదట ఈ కళ వచ్చింది. ఇప్పుడు హైవే దిగి ఊళ్లలోకి నడిచింది. ఇంత పెద్ద ఉద్యమం నడుస్తుంటే దానికి ఒక విధానమంటూ లేకపోవడం బాధాకరం. ఆ లోటు తీర్చడం బాధ్యతగల పౌరుడిగా నా కర్తవ్యం.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. మన తాతలు నలభై వాట్ల బల్బు కింద బతికారు. ఆ మసక వెలుతురులో బియ్యంలో రాళ్లు కనబడవని, పిల్లల కళ్లు పోతాయని ట్యూబులైటు తెచ్చుకున్నారు. అది వెలిగిన రోజు పక్కింటోళ్లను పిలిచి మరీ చూపించుకున్నారు. తర్వాత కళ్లు జిగేల్‌మనే తెల్లటి ఎల్‌ఈడీ వచ్చింది. అంటే మూడు తరాలు కష్టపడి పసుపు నుంచి తెలుపుకు చేరుకున్నాం. ఇప్పుడు మనవడు ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పిస్తాడు. దాని మీద 2700 కెల్విన్, వార్మ్ వైట్ అని ఉంటుంది. తాతగారి నలభై వాట్ల బల్బుదీ దాదాపు అదే రంగు. పాత బల్బేనని నమ్మకం కుదరడానికి లోపల తీగలాంటిది కూడా పెట్టి ఇస్తారు. ఒక్కో బల్బు ఒకటో రెండో వాట్లు. వెలుతురు తగ్గేకొద్దీ ధర పెరిగే సరుకు మార్కెట్లో బహుశా ఇదొక్కటే.

స్విచ్ వేసిన మొదటి సాయంత్రం గడపలో కూర్చున్న నాయనమ్మ అడుగుతుంది: "ఏందిరా బిడ్డా, ఓల్టేజి తక్కువున్నదా? లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యరాదు?" అది ఆంబియన్స్ అని ఆమెకు నచ్చజెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. ఓల్టేజి తగ్గిందనే ఒప్పుకుని ఊరుకుంటారు.

ఇక గుంజ. మనది రాళ్ల సీమ. భువనగిరి కోట ఒకే బండ మీద నిలబడి ఉంది. నాగార్జునసాగర్‌ను రాతితో కట్టుకున్నాం. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా పడుతుంది. సూర్యుడు తిరుగుతాడు, నీడ తిరగదు. బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో కందూరు చోళుల కాలపు శిల్పులు చేసిన పని అది. స్తంభాన్ని ఎక్కడ నిలబెడితే వెలుతురు ఎట్లా పడుతుందో ఇంత తెలిసిన జిల్లాలో, ఆ గుడికి కూతవేటు దూరంలో ఉన్న మనిషి యూట్యూబ్ తెరిచి, మంచు పడే దేశంలో ఒక దొర తన పెరట్లో గుంజ ఎట్లా పాతాడో చూసి నేర్చుకుంటాడు. ఆ దొర మూడు నాలుగు ఫీట్లు తవ్వుతాడు. అక్కడ చలికాలంలో నేలలో తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, పైపైన పాతినవాటిని పైకి నెట్టేస్తుంది. ఆ గడ్డకట్టే లోతు కంటే కిందికి పోవాలని ఆయన తాపత్రయం. నకిరేకల్‌లో మంచుకు గుంజ లేచి వస్తుందేమోనని టెన్షన్ పడేవాళ్లను నేను ఎరుగుదును. వాళ్ల ముందుచూపును మెచ్చుకోవాలి.

పొలం గట్టున రాతి కనీలు, అంటే రాతి గుంజలు, ఉంటాయి. తండ్రి పాతించినవి. ఎండకు పగలవు, వానకు కుళ్లవు, చెదలు వాటి వైపు చూడవు. వాటికి ఒక లైటు కడితే చాలు గదా అని మీకు అనిపించవచ్చు. మీలాంటి వాళ్ల వల్లే దేశం వెనకబడింది. రాతి కనీ ఫొటోలో బాగుండదు. అందుకని వాటిని పీకించి పక్కన పడేసి, టింబర్ డిపోకు పోతారు. టేకు ధర విని గుండె పట్టుకుంటారు. నీలగిరి చవక, కానీ ఎండిన కొద్దీ మెలి తిరుగుతుంది, నెర్రెలిస్తుంది. చివరకు టేకే, కానీ చేవ లేని తెల్ల కట్టె. టేకును చెదలు ముట్టవని మనం గొప్పగా చెప్పుకునేది దాని చేవను చూసి. తెల్ల కట్టెకు ఆ మర్యాద వర్తించదు. ఆ సంగతి డిపో ఆయనకు తెలుసు, చెదలకు తెలుసు.

మా వీధిలో ఒకాయన వడ్లాయనను, అంటే వడ్రంగిని, పిలిపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఎందుకు సార్ ఇవి?"

"లైట్లు కట్టడానికి."

"యాపచెట్టుండె గద సార్, దానికి కడితే అయిపోవు."

"దాన్ని కొట్టించినం. గుంజలకు జాగ సాల్తలేదని."

వడ్లాయన కాసేపు ఆయన మొహం చూసి, కూలి ఐదొందలు పెంచి చెప్పాడు. నా లెక్కలో తక్కువే.

చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. కొట్టిన చోట గుంజ పాతడానికి మాత్రం ఎవరినీ అడగనవసరం లేదు. ఆకు రాల్చదు, పిట్టను రానివ్వదు, నీడ ఇవ్వదు కాబట్టి అది చెట్టు కంటే క్రమశిక్షణ గలదని చట్టసభల వారు ముందే ఊహించి ఉంటారు.

తవ్వకం దగ్గరికి వస్తే మనసు ఉప్పొంగుతుంది. పాలమూరు కూలీలు మట్టి పనిలో దేశమంతా పేరు మోసినవాళ్లు. ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో వాళ్లు తట్టలెత్తారు. ఆ గడ్డ మీద ఇప్పుడు నాలుగు గుంతలు తీయడానికి హైదరాబాద్ నుంచి డ్రిల్లింగ్ మిషన్ కిరాయికి వస్తుంది. రెండు ఫీట్లు పోగానే బండ తగులుతుంది. మిషన్ తెచ్చిన పిల్లగాడు బండ వైపు, ఓనర్ వైపు మార్చి మార్చి చూస్తాడు. అప్పుడు గడ్డపార పట్టుకుని ఒక పెద్దమనిషి రావలసిందే. కిరాయి మిషన్‌కు, కూలి పెద్దమనిషికి. ఇదే అభివృద్ధి అంటే, రెండు చేతులా ఖర్చు.

గుంజ పొడవులో నాలుగో వంతు, వీలైతే మూడో వంతు భూమిలో ఉండాలన్నది పని తెలిసినవాళ్ల లెక్క. పన్నెండు ఫీట్లదైతే మూడు ఫీట్లు లోపల, తొమ్మిది బయట. ఇక్కడే మనవాళ్లకు కడుపు మండుతుంది. పైసలు పెట్టి కొన్న కట్టెను ఎవరికీ కనబడకుండా మట్టిలో పెట్టడమా? ఫీటున్నర పాతి, చుట్టూ సిమెంటు పోసి, గుడి ధ్వజస్తంభం నిలబెట్టినంత గర్వంగా చూసుకుంటారు. అడుగున ఇంత కంకర వేసి నీళ్లు దిగే దారి ఇవ్వరు. సిమెంటును గుంజ చుట్టూ వాలుగా పోయకుండా గిన్నెలా పోస్తారు, వాన నీళ్లు సరిగ్గా కట్టె మొదట్లో నిలిచేటట్టు. భూమికి ఆనే చోటే కట్టె ముందు కుళ్లుతుంది. దాన్ని కాపాడటానికి తారో, కాలిన ఇంజన్ ఆయిలో పూసేవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు, కానీ కేన్ కుర్చీల పక్కన ఆయిల్ వాసన బాగుండదు.

కిరాయి ఇండ్లవాళ్లు కూడా వెనకబడలేదు. ఓనర్ గోడకు మేకు కొట్టనివ్వడు, డాబా మీద గుంత తవ్వనివ్వడు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలో గుంజను నిలబెట్టి కాంక్రీటు పోస్తారు. ఒక్కోటి యాభై కిలోల దాకా బరువు. ఇల్లు ఖాళీ చేసేనాడు ఆటోవాడు మంచాలూ బీరువా ఎక్కించి, ఆ డబ్బాలను చూసి మీటరు మాట్లాడటం మానేస్తాడు.

వైరు కట్టడంలో ఇంకో మొండితనం ఉంది. వైరు కిందికి వాలకూడదు, గీత గీసినట్టు ఉండాలంటారు. ఇరవై ఫీట్ల వైరుకు ఒక ఫీటు వాలు ఉంచితే గుంజకు హాయి. ఆ వాలును సగానికి తగ్గిస్తే గుంజ తల మీద లాగుడు రెట్టింపు. ఇంకో సగం తగ్గిస్తే నాలుగింతలు. వాలు అసలే లేకుండా లాగాలంటే లోకంలో ఉన్న బలమంతా చాలదు. ఫీటున్నర లోతున పాతిన గుంజలు ఈ లెక్క చదువుకోలేదు కాబట్టి మర్యాదగా లోపలికి వంగి, ఒకదానికొకటి నమస్కారం పెట్టుకుంటాయి. మన సంస్కారం వస్తువులకూ అబ్బిందని దీన్నిబట్టి గర్వించాలి.

అసలు కథ తొలకరితో మొదలవుతుంది. మృగశిర వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. లేచి వెలుతురు ఉన్నచోటికి పోతాయి. రెక్కలు రాల్చుకుంటాయి, జంటలు కుదుర్చుకుంటాయి, కొత్త కాపురానికి జాగా వెతుక్కుంటాయి. ఈ ఉసిళ్లు ఎవరో కాదు, రెక్కలొచ్చిన చెదలే. కాబట్టి ఇప్పుడు మీ ఏర్పాటు చూడండి. పైన లైట్లు పెట్టి పిలుస్తున్నారు. కింద తడి మట్టిలో తెల్ల కట్టె వడ్డించి ఉంచారు. పెండ్లి పందిరి, విడిది, విందు అన్నీ ఒకేచోట. ఏ దేశంలోనూ ఏ ప్రభుత్వమూ చెదలకు ఇంత సమగ్రమైన సంక్షేమ పథకం ఇచ్చి ఉండదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సుమారు 700 ఏళ్ల చెట్టు. మూడెకరాల పైన ఊడలు దించిన ఆ మహావృక్షానికే చెదలు పట్టి కొమ్మ విరిగింది. 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, కొమ్మల్లోకి చెదల మందు ఎక్కించారు. పెద్ద కొమ్మలకు ఊతంగా స్తంభాలు నిలబెట్టారు. అంటే మన దగ్గర స్తంభం చెట్టును మోసిన చరిత్ర కూడా ఉంది. ఈ లెక్కన మన నాలుగించుల గుంజలకు ఐసీయూ అవసరం పడుతుంది. ప్రతి మండలానికీ ఒక గుంజల దవాఖాన, రాత్రి డ్యూటీకి ఒక వడ్లాయన ఉండాలని నా మొదటి డిమాండ్.

రెండో డిమాండ్ కోతుల గురించి. పంటలు చాలించుకుని, కొబ్బరిచెట్లు మానుకుని, ఇంటి కప్పుల మీదికి వచ్చిన కోతులకు ఈ వైర్లు దేవుడిచ్చిన ఊయలలు. గుండ్రంగా, పసుప్పచ్చగా వేలాడేది ఏదైనా పండేనన్నది వాటి నమ్మకం. కొరికి చూసి, నచ్చక మన నెత్తిన వేస్తాయి. డబ్బా మీద ఐపీ65 అని ఉంటుంది, అంటే దుమ్ముకూ నీటి చిమ్ముకూ తట్టుకుంటుందని. కోతి గురించి ఆ అంకెల్లో ఏమీ లేదు. ఆ ప్రమాణాలు రాసినవాళ్లు ఒకసారి దేవరకొండ వచ్చిపోతే బాగుండేది.

కరెంటు కనెక్షన్ ఎక్కడి నుంచి అంటారా? వంటింటి కిటికీ ఊచల మధ్య నుంచి, మిక్సీ ప్లగ్గు పీకి. మధ్యలో రెండు జాయింట్లు, వాటికి టేపు, టేపు మీద వానకు తడవకుండా పాల ప్యాకెట్ కవరు. రెండు లక్షలు పెట్టి వాకిలి చేయించుకున్న మనిషి, షాక్ కొడితే సరఫరా ఆపే ఈఎల్‌సీబీకి మాత్రం బేరమాడి, చివరకు వద్దంటాడు. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. తడి నేల మీద, చెప్పుల్లేకుండా పిల్లలు ఆడే వాకిలది. అది పెట్టించాకే స్విచ్ వేయండి.

మళ్లీ ఉద్యమంలోకి వద్దాం. ఈ కష్టాలన్నీ చూసి మన మేధావులు ఒక ఉపాయం కనిపెట్టారు. లోపల ఇనుప పైపు, బయట చెక్క తొడుగు. ఇంకా తెలివైనవాళ్లు సిమెంటుతోనే స్తంభం పోసి, దాని మీద బెరడు గీతలు గీసి, కొమ్మ నరికిన గుర్తులు చెక్కి, గోధుమ రంగు వేస్తున్నారు. పార్కుల్లో బెంచీలు, రెయిలింగ్‌లు ఇప్పటికే అట్లా ఉన్నాయి గదా. రాతిని పీకి కట్టె తెచ్చి, కట్టె కుళ్లిందని సిమెంటు పోసి, సిమెంటు రాయిలా ఉందని కట్టె రంగు వేయడం వరకు వచ్చాం. తర్వాతి మెట్టు దానికి రాతి టైల్స్ అతికించడమే. టైల్స్ షాపుల వాళ్లు సిద్ధంగా ఉండగలరు.

మా వీధి ఆయన గుంజలు పాతి ఏడాది కాకముందే వాటి ఉపయోగాలు పెరిగాయి. ఒక జత మధ్య ఆయన భార్య తాడు కట్టి బట్టలు ఆరేస్తోంది. మూడో దానికి నాయనమ్మ బీరపాదు ఎక్కించింది. అది వైరు వెంట పాకి బల్బులను ఒక్కొక్కటిగా కమ్మేసింది. నాలుగోది చెదలు తిన్నంత తిని వదిలేస్తే పొయ్యిలోకి పోయింది. మొన్న ఆదివారం అటు పోతుంటే ఆయన పిలిచి సంచి నిండా బీరకాయలు పెట్టాడు.

"లైట్లేవన్నా?" అన్నాను.

"ఆకుల సందుల ఉన్నయి," అన్నాడు. "రాత్రిపూట కాయలు తెంపనీకి మంచిగ అక్కరకొస్తున్నయి."