మిరప ముడతకు జవాబు ఎక్కడ దొరకాలి?

మా అమ్మ నడిపే మిద్దెతోటల చాట్ గ్రూపుకు ఏడేళ్లు నిండాయి. ఎనిమిది వందల మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లు, కొందరు విజయవాడ, గుంటూరు వాళ్లు. దాని బదులు ఫోరమ్ పెట్టాలని మా రవి బావ పట్టుదల. ఫోరమ్ అంటే ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ ఉండి, జవాబులన్నీ దాని కిందే ఏళ్ల తరబడి నిలిచే చోటు. కిందటి ఆదివారం సాయంత్రం డాబా మీద కుండీల మధ్య కూర్చుని ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

బావ: అత్తయ్యా, ఈ నెలలో మిరపాకు ముడుచుకుపోతోందని ఎంతమంది అడిగారు?

అమ్మ: లెక్కపెట్టలేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాను.

బావ: అదే నా బాధ. మీ జవాబు నాకు కంఠతా వచ్చేసింది. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగు, వేపనూనె కొట్టాలి. కిందికి వంగి బోర్లించిన పడవలా అయితే ఆకు రసం పీల్చే నల్లి, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టాలి. ఇంత చక్కటి జవాబు మర్నాటి శుభోదయం బొమ్మల కింద పూడుకుపోతుంది. మళ్లీ ఎవరో అదే అడుగుతారు, మీరు మళ్లీ మొదటినుంచీ చెబుతారు. ఒక్కసారి ఒకచోట ఫొటోలతో పెడితే మీకు ఈ శ్రమ ఉండదు.

అమ్మ: నువ్వు జవాబును చూస్తున్నావు, అడిగే మనిషిని చూడటం లేదు. మొన్న ఒకావిడ ముడత అని రాసింది. ఆకు తిప్పి వెనకవైపు ఫొటో పెట్టమన్నాను. మసగ్గా ఉంటే వెలుతురులో పట్టుకుని మళ్లీ తీయమన్నాను. పురుగూ లేదు, నల్లీ లేదు. కుండీ అడుగు చూపించమన్నాను. చిల్లు పూడిపోయి లోపల నీళ్లు నిలిచిపోయాయి, వేరు కుళ్లుతోంది. పది నిమిషాల్లో తేలిపోయింది. నీ పేజీ చదువుకుని ఉంటే ఆవిడ గంధకం కొట్టేది.

(బావ కాసేపు మాట్లాడలేదు. జబ్బేమిటో తెలియని మనిషి ఏ పేరుతో వెతుకుతుంది? అమ్మ మాటలో పస ఉంది.)

బావ: ఒప్పుకుంటాను. ప్రశ్నకు ఒక రూపం వచ్చేదాకా ఎదురుబొదురు మాట కావాలి. కానీ ఆ చిల్లు సంగతి తేలాక ఏమైంది? మీకు తెలిసింది, ఆవిడకు తెలిసింది. ఆ పది నిమిషాలూ ఫోను చూడనివాళ్ల మాటేమిటి? సరే, మీ గ్రూపులో ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువు జీవామృతం కొలతలు వెతకండి. నేను ఆగుతాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని వెతికింది. తెలుగులో కొడితే కొన్ని వచ్చాయి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే వేరేవి వచ్చాయి. ఒకచోట 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి అని సరిగ్గానే ఉంది. ఇంకోచోట అదే బెల్లం, అదే పిండి 20 లీటర్లకు అని ఉంది. దాని కింద ఎవరో “ధన్యవాదాలండీ” అని రాశారు. అది తప్పని అమ్మ ఆ రోజే చెప్పిందట. కానీ వాయిస్ మెసేజ్‌లో చెప్పింది. ఎంత వెతికినా అది దొరకలేదు.

బావ: చూశారా? తప్పు అక్షరాల్లో మిగిలింది, దిద్దుబాటు మాటల్లో కలిసిపోయింది. ఫోరమ్‌లో అయితే తప్పు రాసినచోటే దిద్దుకోవచ్చు.

అమ్మ: నోటితో ఎందుకు చెప్పానో అడుగు. నా చేతులకు మట్టి. మా గ్రూపులో చాలామంది అరవై దాటిన ఆడవాళ్లు. ఖాతా తెరువు, పాస్‌వర్డు పెట్టు, ఏ విభాగంలో రాయాలో చూసుకో అంటే వాళ్లు మాట్లాడటమే మానేస్తారు. వాళ్లకు తెలిసినదంతా నోటి మాటలోనే ఉంది నాయనా. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? 13వ తేదీ రాత్రి. డాబా గొట్టానికి ఆకులు అడ్డం పడి నీళ్లు నిలుస్తున్నాయని ఒకరు చెప్పగానే ఎంతమంది టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కారో! తెల్లవార్లూ ఒకరి గొంతు ఒకరికి ధైర్యం. ఆ రాత్రి నీ ఫోరమ్ ఎవరు తెరుస్తారు?

బావ: ఎవరూ తెరవరు. ఆపదలో చాట్‌కు సాటి లేదు. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీ అనే చాట్ తయారుచేశాడు. 1991లో మాస్కోలో గోర్బచేవ్‌ను దించాలని కుట్ర జరిగిన రోజుల్లో అక్కడి కబుర్లు దాని మీదుగా కూడా బయటికి వచ్చాయి. అంశాలవారీగా రాసుకునే యూజ్‌నెట్ అంతకంటే ముందే, 1980 నాటికే ఉంది. చాట్ వచ్చిందని అలా రాసుకోవడం ఎవరూ మానలేదు. నేను అడిగేది వానలేని మిగతా రోజుల గురించి.

అమ్మ: రాసుకున్నది నిలుస్తుందని ఎవరు చెప్పారు? జనం ఈమెయిళ్లతో చర్చించుకున్న యాహూ గ్రూప్స్ సంగతి నువ్వే చెప్పావు. 2019 డిసెంబరులో పాత సందేశాలు తీసేశారు, మరుసటి డిసెంబరుకు మొత్తం మూసేశారు. అక్కడివాళ్లూ ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసుకున్నవాళ్లే కదా?

బావ: అది పరాయి ఇంట్లో దాచుకున్న సామాను. ఫోరమ్ నడిపే డిస్కోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్ మనమే సొంత సర్వర్ మీద పెట్టుకుని రోజూ నకలు తీసుకోవచ్చు. తెలుగు వికీపీడియా చూడండి, 2003లో మొదలైంది. వాళ్లు చర్చించుకునే పేజీ పేరే రచ్చబండ. ఎప్పుడు ఎవరు ఏమన్నారో, ఎవరు ఎందుకు కాదన్నారో పాత చర్చల్లోకి వెళ్లి ఇవాళ కూడా చదువుకోవచ్చు.

అమ్మ: రచ్చబండ దగ్గరకు జనం రావాలి కదా. మూడేళ్ల కిందట నువ్వు పెట్టిన ఫోరమ్ ఏమైంది? మూడు ప్రశ్నలూ నేనే రాశాను, మూడు జవాబులూ నేనే రాశాను.

(దీనికి బావ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. తెలిసింది నిలవాలంటే బావ చెప్పిందే దారి అని నేను నమ్ముతాను. కానీ జనం ముందు ఒకరికోసం ఒకరు వస్తారు, ఆ వచ్చినచోటే నోరు విప్పుతారు. అమ్మ గ్రూపు ఏడేళ్లుగా బతికి ఉన్నది అందుకే.)

బావ: అత్తయ్యా, ఒక్క మాట అడుగుతాను. మాస్టారి మెసేజ్‌లు ఉన్నాయా?

గ్రూపులో ఒక రిటైరైన బడిపంతులు ఉండేవారు. నాటు విత్తనాలు సీసాల్లో దాచి అడిగినవారికల్లా పంచేవారు. రాత్రి భోజనాలయ్యాక నాలుగైదు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేవారు, ఒక్కో రోజు ఒక్కో విత్తనం గురించి. రెండేళ్ల కిందట పోయారు. అదే ఏడాది అమ్మ ఫోను నీళ్ల తొట్టిలో పడింది.

అమ్మ: లేవు.

బావ: ఇంకెవరి దగ్గరైనా?

అమ్మ: అందరినీ అడిగాను. ఫోను నిండిపోతోందని తుడిచేసుకున్నారు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మ లేచి బీర పాదుకు ఊడిపోయిన తాడు మళ్లీ కట్టి వచ్చి కూర్చుంది.

అమ్మ: ఫోను తియ్యి. రాసుకో. గ్రూపు మూస్తానని మాత్రం అనుకోకు.

బావ: మూయమనను. చెప్పండి.

అమ్మ: ఆనపకాయ. విత్తనానికి వదిలిన కాయను పచ్చిగా కోయకూడదు. పాదు మీదే ఎండాలి.

బావ: ఎన్ని రోజులు?

అమ్మ: రోజుల లెక్క ఆయన చెప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ పలకాలి అన్నారు. ‘చప్పుడు’ అని రాయకు. ‘పలకాలి’ అనే రాయి.