సంతకాలు హైదరాబాద్‌లో, ఎగవేత సొంత రాజధానుల్లో

2023 జూన్‌లో జీ-20 వ్యవసాయ మంత్రులు మన హైదరాబాద్‌లోనే కూర్చుని ఆహార భద్రతపై 'దక్కన్ సూత్రాలు' ఆమోదించారు. ఆపదలో ఉన్న దేశాలకు మానవతా సాయం అందేలా చూస్తామని ఒప్పుకొన్నారు. రెండేళ్లు తిరగకముందే అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. 2025 జులై నాటికి ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థకు తాళం పడింది. బ్రిటన్ జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న తన సాయాన్ని 2027కల్లా 0.3 శాతానికి దించుతానంది. అమెరికా సాయం ఆగిన దెబ్బకు నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ కూడా 2025లో మూతపడింది.

మూతపడిన ఆస్పత్రి కంటికి కనిపిస్తుంది. సమన్వయానికి పడే కోత కనిపించదు. రెండు సంస్థలు ఒకే జిల్లాలో ఒకే పని చేస్తూ పక్క జిల్లాను గాలికి వదిలేయకుండా చూడటానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. ఐరాస ఇందుకే 2018లో, ఒక్కో దేశంలో తన సంస్థల పనిని కలిపి నడిపే రెసిడెంట్ కోఆర్డినేటర్ల వ్యవస్థను సంస్కరించింది. 160కి పైగా దేశాలు, ప్రాంతాలకు సుమారు 130 మంది. ఏడాదికి కావలసింది దాదాపు 28 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగాన్ని స్వచ్ఛంద విరాళాలకు, ఐరాస సంస్థల వాటాలకు, ఫలానా పనికేనన్న షరతుతో వచ్చే నిధులపై 1 శాతం లెవీకి వదిలేశారు. వ్యవస్థ కావాలని అందరూ ఒప్పుకున్నారు. చెల్లించే వేళకు చాలామంది ముఖం చాటేశారు.

పటాన్‌చెరులో చూడండి. మెట్ట పంటలపై పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో 1.2 లక్షలకు పైగా విత్తన రకాలున్నాయి. అక్కడి నుంచి వేరుశనగ విత్తనం ఒక్క పొట్లం ఆఫ్రికాకు వెళ్లాలన్నా రాజేంద్రనగర్‌లోని క్వారంటైన్ కేంద్రంలో తెగుళ్ల పరీక్ష జరగాలి, సర్టిఫికెట్ రావాలి, అవతలి దేశం అనుమతించాలి. ఇన్ని చేతులను కలిపే ఈ సమన్వయం పనికి శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కటింగ్ ఉండదు. అందుకే దాత దేశాలకు దీనిపై ఆసక్తి లేదు. బడి కడితే గోడ మీద తమ జెండా వేసుకోవచ్చు, పొట్లం మీద ఏం వేసుకుంటారు?

సమన్వయం పేరుతో సదస్సులకు, విమాన టికెట్లకు సొమ్ము తగలేస్తున్నారన్న విమర్శ ఉంది. దుబారా ఉంటే ఆడిట్ చేసి కత్తిరించండి. ఆ సాకుతో సంతకం పెట్టిన మాట తప్పడం కుదరదు. ఒకరు తప్పి నిలదొక్కుకుంటే రేపు ప్రతి దేశమూ అదే దారి పడుతుంది. అప్పుడు ఏ తీర్మానానికీ విలువ ఉండదు.

ఢిల్లీ కూడా మౌనం వీడాలి. ఐరాసతో కలిసి 2017లో పెట్టిన అభివృద్ధి భాగస్వామ్య నిధికి పదేళ్లకు 15 కోట్ల డాలర్లు ప్రకటించిన దేశం మనది, కాబట్టి అడిగే హక్కు ఉంది. సమన్వయం ఖర్చు మొత్తాన్ని విరాళాల జాబితాలోంచి తీసి, సభ్యదేశాలు విధిగా కట్టే చందాలో చేర్చాలని గట్టిగా పట్టుబట్టాలి. దక్కన్ సూత్రాలకు తలూపిన ప్రతి ప్రభుత్వమూ తన బడ్జెట్‌లో సమన్వయానికి ఎంత రాసిందో బయటపెట్టాలి. అది చెప్పలేనివాళ్లు మరో పత్రం పట్టుకుని ఈ నగరానికి రావద్దు.