"జాగ్రత్త పడాల్సింది" అని ఆమెకు చెప్పేముందు, పక్కనున్న మగాణ్ని అడగండి

ఇప్పుడే మా చిన్నమ్మ కూతురి ఇంట్లో తొట్టెల ఫంక్షన్ నుంచి వచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. ఈ కోపం చల్లారితే రాయలేనని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

అది తనకి మూడో కాన్పు. అనుకోకుండా వచ్చింది. నెల తప్పే నాటికి రెండో పాపకి ఏడాది కూడా నిండలేదు. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు. బాబుని తొట్టెలో వేశారు, పాటలు పాడారు, అక్షింతలు వేశారు. తర్వాత భోజనాల దగ్గర వరసకి మాకు మేనత్త అయ్యే ఒక పెద్దావిడ పది మందిలో ఆ బాలింతను పట్టుకుని అడిగింది: "డిగ్రీ చదివినవు, గంత సోయి లేకపాయెనా బిడ్డా? జాగ్రత్త పడాలె గదా!" చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. తను తల ఎత్తలేదు, బాబు మీద దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

ఆమె భర్త నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. కొత్త తెల్ల చొక్కా వేసుకుని, మటన్ ఇంకా వడ్డించమని కుర్రాళ్లకి కేకలు వేస్తున్నాడు. వచ్చిన ప్రతి మగవాడూ అతని భుజం తట్టి "కొడుకు పుట్టిండు, ఇగ నీకేంది బావా" అంటున్నాడు. నువ్వేం జాగ్రత్త పడ్డావయ్యా అని అతన్ని అడిగినవాడు ఒక్కడు లేడు. ఆ ఇద్దరిలో తప్పు చేసింది ఆమె, గెలిచింది అతను. ఇదెక్కడి న్యాయం?

అసలు జరిగింది నాకు తెలుసు కాబట్టి ఇంకా మండుతోంది. రెండో సిజేరియన్ రోజే తను ఆపరేషన్ కూడా చేయించుకుంటానంది. "ఇద్దరూ ఆడపిల్లలే, ఇప్పుడే ఆపరేషన్ ఏంటి, కొడుకు పుట్టాక చూద్దాం" అని అత్తింటివాళ్లు అడ్డుపడ్డారు. సరే, కొంతకాలం ఆగుదాం అనుకున్నారు. ఆగడానికి ఏం వాడాలో ఎవరైనా చెప్పారా? డిశ్చార్జ్ రోజు చేతిలో ఐరన్ మాత్రల చీటీ, టీకాల కార్డు పెట్టి పంపించారు. "పాలిచ్చినన్ని రోజులు ఏం గాదు" అని ధైర్యం చెప్పింది ఎవరనుకున్నారు? ఇవాళ నిలదీసిన ఈ మేనత్తే!

ఈ పాల మాట నమ్మి ఎంతమంది ఆడవాళ్లు మునిగిపోయారో మన ఇళ్లలోనే లెక్కపెట్టుకోవచ్చు. అది పని చేయాలంటే మూడు షరతులున్నాయి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు. రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. కాన్పు తర్వాత నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా దాని మీద ఆధారపడకూడదు. మనవాళ్లు మూడో నెలలోనే డబ్బాపాలు మొదలుపెడతారు, ఏడాది దాటినా "పాలిస్తోంది కదా" అంటారు. ఇంకో విషయం, నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది. అంటే నెలసరి ఒక్కసారి కూడా రాకుండానే మళ్లీ కడుపు నిలబడొచ్చు. ఈ ముక్క చెప్పడానికి ఒక నర్సుకి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వరు.

మన దేశం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా 1952లోనే మొదలుపెట్టింది. ప్రపంచంలో మొట్టమొదట మొదలుపెట్టింది మనమే. డెబ్బై ఏళ్లు దాటినా ఆ కార్యక్రమం అంతా ఆడదాని పొట్ట మీదే నడుస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 38 మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ల ఆపరేషన్, చేయించుకున్నారు. వేసెక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్, అర శాతం కూడా లేదు. మన తెలంగాణలోనైతే పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయినవాళ్లే. అదే సర్వేలో మగవాళ్లని కూడా అడిగారు. గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ల పని, మాకు సంబంధం లేదు అన్న మాటకి నూటికి 35 మంది అవునన్నారు. మిగతావాళ్లు ఆ మాటకి అవుననలేదు, సంతోషం. మరి ఆ మిగతావాళ్లు ఏం వాడుతున్నారు?

నిరోధ్ 1968 నుంచి ఉంది. పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. అయినా వద్దు, పడదు, సుఖం ఉండదు. మెడికల్ షాపుకి వెళ్లి అడగాలంటే నామోషీ. అందుకని భార్య హార్మోన్ మాత్రలు మింగాలి, లేకపోతే మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్ వేయించుకుని నెలసరి తేడాలు భరించాలి. కాపర్ టీ వేయించుకుందామంటే అత్తలు, తోడికోడళ్లు కలిసి భయపెడతారు. "అది పైకి పాకి గుండెలోకి పోతది" అని మా వీధిలో ఒకావిడ ఇప్పటికీ చెబుతుంది. వారానికోసారి వేసుకునే ఛాయ మాత్రలో హార్మోనే లేదు, లక్నోలో మన దేశ శాస్త్రవేత్తలు తయారుచేసింది, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు వేసుకోవాలని, ఆ తర్వాతే వారానికోసారని సరిగ్గా చెప్పేవాళ్లు లేక అది కూడా సగంలో ఆగిపోతుంది.

ఇక వేసెక్టమీ మాట ఎత్తితే ఇంట్లో చావు కబురు చెప్పినట్టు చూస్తారు. కోత లేదు, కుట్టు లేదు, పది ఇరవై నిమిషాల పని, అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఆ తర్వాత ఓ మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుని వీర్యకణాలు లేవని తేలితే చాలు. మగతనం ఎక్కడికీ పోదు, బరువులు ఎత్తలేకపోవడం అంటూ ఉండదు. ఈ భయానికి ఒక కారణం ఉందని ఒప్పుకుంటాను. ఎమర్జెన్సీలో 1976-77లో అరవై లక్షల మందికి పైగా మగవాళ్లకి ఆపరేషన్లు చేశారు, చాలామందికి బలవంతంగా. అది ఘోరం. కానీ ఆ ఘోరానికి మగవాళ్లు ఓట్లతో ప్రభుత్వాన్ని దించారు, ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ వాళ్ల జోలికి పోయే ధైర్యం చేయలేదు. భారమంతా తెచ్చి ఆడవాళ్ల మీద పడేశారు.

మరి ఆడవాళ్లు చచ్చిపోతే? 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో ఒక్క రోజులో 83 మందికి ఆపరేషన్లు చేశారు, పది మందికి పైగా చనిపోయారు. అంత దూరం ఎందుకు, 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు తల్లులు పోయారు. చిన్న చిన్న పిల్లల తల్లులు. నాలుగు రోజులు టీవీల్లో చూశాం, వదిలేశాం. ఆ ఇళ్లలో వేసెక్టమీ చేయించుకోదగ్గ మగవాళ్లు లేరా? వాళ్లని ఎవరైనా అడిగారా?

పైగా ఇప్పుడు నాయకులు కొత్త పాట ఎత్తుకున్నారు. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని మూడు దశాబ్దాలు నడిపారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన తీసేసి, ఎక్కువ మందిని కనండి అంటున్నారు. వద్దన్నప్పుడు మానాలి, కనమన్నప్పుడు కనాలి. ఆమెకి ఎప్పుడు కావాలో ఆమెనే అడుగుదామన్న ఆలోచన ఏ పార్టీకీ రాదు.

అసలు ఇవాళ నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆ నవ్వులు వింటుంటే నా చిన్ననాటి స్నేహితురాలు గుర్తొచ్చింది. భర్త దుబాయ్‌లో ఉంటాడు. సెలవు మీద వచ్చి వెళ్లాడు, ఇక్కడ ఈమెకి నెల తప్పింది. అప్పటికే బడికెళ్లే పిల్లలు ఇద్దరు. వద్దనుకుంది. మా జిల్లాలోనే ఒక నర్సింగ్ హోమ్‌కి వెళితే "భర్త సంతకం లేనిదే చేయం" అన్నారు. దుబాయ్ నుంచి సంతకం ఎలా వస్తుంది? పోనీ మామగారిని తీసుకురమ్మన్నారు. మామగారికి చెబితే ఇంట్లో రచ్చ, అనుమానపు మాటలు. ఇలా తిరుగుతుండగానే వారాలు గడిచాయి. చివరికి మెడికల్ షాపులో డాక్టర్ చీటీ లేకుండా అబార్షన్ మాత్రల కిట్ కొనుక్కుని ఇంట్లోనే మింగింది. అప్పటికి ఆ మాత్రలు ఇంట్లో వేసుకునే గడువు దాటిపోయింది. బాత్రూంలో పడిపోతే పెద్ద కూతురు పక్కింటివాళ్లని పిలిచింది. ప్రభుత్వాసుపత్రిలో రక్తం ఎక్కించి, మిగిలింది శుభ్రం చేసి బతికించారు. ఊళ్లోవాళ్లు ఏమన్నారో తెలుసా? "జాగ్రత్త పడాలె గదా!" అదే మాట.

ఆమె ఒక్కతే అనుకోకండి. 2015లో మన దేశంలో జరిగిన అబార్షన్లు దాదాపు కోటీ 56 లక్షలని, అందులో నాలుగింట మూడు వంతుల దాకా ఆసుపత్రి బయట మాత్రలతో జరిగినవేనని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. ఆ ఏడు వచ్చిన గర్భాల్లో సగం దాకా అనుకోకుండా వచ్చినవే. అంత మంది ఆడవాళ్లకి సోయి లేదంటారా?

ఆ నర్సింగ్ హోమ్ వాళ్లు అడిగిన సంతకం చట్టంలో ఎక్కడా లేదు. 1971 ఎంటీపీ చట్టం, అంటే అబార్షన్ల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదాని అంగీకారం ఒక్కటే చాలు. గర్భనిరోధక సాధనం విఫలమవడం కూడా అందులో రాసిన కారణమే. 2021 సవరణ "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అన్న చోట "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చింది. 20 వారాల లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. పెళ్లికాని ఆడవాళ్లకి కూడా ఇదే హక్కని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతెందుకు, ట్యూబెక్టమీకి కూడా భర్త సంతకం అక్కర్లేదని ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది.

అబార్షన్‌కి సంతకం పెట్టించుకునే కాగితాన్ని ఫారం-సి అంటారు. మైనర్ అయితేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో సంరక్షకుల సంతకం కావాలి. అది తప్ప అందులో భర్తకి గానీ, మామకి గానీ, అన్నదమ్ములకి గానీ గడి లేదు. భర్త దుబాయ్‌లో ఉన్నా, పక్క గదిలో ఉన్నా ఇంతే. ఏ ఆసుపత్రిలోనైనా "ఆయన్ని తీసుకురా" అంటే ఆ ఫారం బల్ల మీద పెట్టమనండి. ఆయన సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించమనండి.