తెలియక కాదు, భయంతో
దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు వ్యాయామం చేయకపోవడానికి అవగాహన లేకపోవడమే కారణమని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మా అమ్మకు షుగరూ, మోకాళ్ల అరుగుదలా రెండూ ఉన్నాయి. వారానికి 150 నిమిషాలు నడవాలన్నది ఆవిడకు కంఠతా వచ్చు, ఆ కరపత్రం మా ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. నడిస్తే మోకాలు ఇంకా అరిగిపోతుందేమోనని భయం, అంతే. ఫిజియోథెరపిస్టు ఎదురుగా నిలబడి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెట్టారు. మర్నాడు నొప్పి పెరగలేదని తనే చూసుకున్నాక గానీ ధైర్యం రాలేదు. అన్నట్టు, ఏకబిగిన కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్కన్న షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే తీసేసింది. మా ఫ్రిజ్ మీది కాగితంలో మాత్రం ఇంకా అదే ఉంది.